గ్రౌండు తాళం చెవి ఎవరి దగ్గర?

(జిల్లా స్వచ్ఛంద సంస్థల మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ శిబిరంలో భూమి, కూలి, హింస, ఆరోగ్యం అన్నీ చర్చకు వచ్చాయి. ఇప్పుడు ఆటల గురించి అనేసరికి, మధ్యాహ్నం భోజనాలయ్యాక నిద్ర ఆపడానికి పెట్టిన అంశమేమోనని మీలో కొందరికైనా అనిపించి ఉంటుంది. కానీ ఇదీ హక్కుల విషయమే. స్త్రీల పట్ల వివక్ష నిర్మూలన కోసం ఐక్యరాజ్యసమితి 1979లో ఆమోదించిన ఒడంబడిక, మనం ‘సీడా’ అంటున్నది, 10వ అధికరణంలో క్రీడల్లో, వ్యాయామ విద్యలో సమానావకాశం ఉండాలంటుంది. 13వ అధికరణం వినోదాన్నీ ఆటలనూ స్త్రీల హక్కుగా గుర్తిస్తుంది. మన దేశం ఆ ఒడంబడికను 1993లో ధ్రువీకరించింది.

నేను చదివిన బడిలో ఆటల పీరియడంటే మగపిల్లలకు గ్రౌండు, ఆడపిల్లలకు వేపచెట్టు నీడ. బంతుల గది తాళం డ్రిల్లు మాస్టారి జేబులో ఉండేది. మేం గట్టిగా అడిగితే టెన్నికాయిట్ రింగు ఒకటి చేతిలో పెట్టేవారు. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ తాళం చెవి గురించే.

ఆడపిల్లలు ఆడటం మొదలుపెట్టి చాలా కాలమైంది. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో బరువులెత్తి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ స్త్రీ అయింది. 2025 నవంబరు 2న మన స్త్రీల జట్టు క్రికెట్ ప్రపంచ కప్పు గెలిచింది. ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. ఆ రాత్రి మనమంతా సంతోషించాం. ఆ జట్టు ప్రధాన శిక్షకుడు పురుషుడు. ఆయన పని బాగా చేశారు, ఆయన మీద నాకు ఫిర్యాదేమీ లేదు. నా ప్రశ్న వేరు. ఆడే స్త్రీలు ఇంతమంది తయారవుతుంటే, ఆటను నడిపే స్త్రీలు ఎందుకు తయారు కావడం లేదు?

ఆట వెనుక ఎన్ని ఉద్యోగాలున్నాయో ఒక్కసారి లెక్కపెట్టండి. బడిలో వ్యాయామ ఉపాధ్యాయులు, శిక్షకులు, రిఫరీలు, సెలెక్టర్లు, స్టేడియం నిర్వాహకులు, జిల్లా క్రీడాభివృద్ధి అధికారులు, మున్సిపాలిటీలో పార్కులూ ఓపెన్ జిమ్‌లూ చూసేవాళ్లు, క్రీడా సంఘాల కార్యదర్శులు, రాష్ట్ర క్రీడా విధానం రాసేవాళ్లు. ప్రాక్టీసు ఎన్ని గంటలకు పెట్టాలి, చీకటి పడ్డాక అమ్మాయిలు ఊరికి ఎలా చేరాలి, మరుగుదొడ్డికి నీళ్లున్నాయా, టోర్నమెంటుకు జట్టుతో ఎవరు వెళ్లాలి, డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి అన్నవన్నీ తేల్చేది వీళ్లే. ఒక అమ్మాయి పదో తరగతిలో ఆట మానేస్తే ‘ఇంట్లో ఒప్పుకోలేదు’ అంటాం. ఇల్లు ఒప్పుకునేలా గ్రౌండును నడపని వాళ్ల బాధ్యత గురించి మాత్రం అడగం.

ఇక్కడ మన క్రికెట్ చరిత్ర నుంచే ఒక విషయం చెప్తాను. భారత మహిళా క్రికెట్ సంఘం 1973లో ఏర్పడింది. డబ్బు లేదు. ఆటగాళ్లు రైళ్లలో రిజర్వేషన్ లేకుండా ప్రయాణం చేసి, డార్మిటరీల్లో పడుకుని ఆడారు. అయినా ఆ సంఘం 1978లో, 1997లో ప్రపంచ కప్పులు మన దేశంలో జరిపింది. అధ్యక్ష పదవిలో స్త్రీలు ఉండేవారు. 2006లో అది పురుషుల బోర్డులో విలీనమైంది. ఆ తర్వాత ఆటగాళ్లకు మేలు జరిగిన మాట నిజం. 2022లో మ్యాచ్ ఫీజు పురుషులతో సమానం చేశారు కూడా. కానీ నిర్ణయాధికారం? సుప్రీంకోర్టు జోక్యంతో 2018లో వచ్చిన బోర్డు నియమావళిలో, తొమ్మిది మంది ఉండే అపెక్స్ కౌన్సిల్‌లో ఒక మాజీ క్రీడాకారిణికి స్థానం దక్కింది. తొమ్మిదిలో ఒకటి.

ఇది మన దేశానికే పరిమితమైన సంగతి కాదు. అమెరికాలో 1972లో ‘టైటిల్ నైన్’ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో లింగ వివక్ష కూడదన్న ఆ చట్టం వల్ల కాలేజీల్లో ఆడే అమ్మాయిల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది. అయితే 1972లో అక్కడి స్త్రీల జట్లలో 90 శాతానికి పైగా స్త్రీలే శిక్షకులు. 2014 నాటికి అది సుమారు 43 శాతానికి పడిపోయింది. స్త్రీల క్రీడా విభాగాల అధిపతుల్లో కూడా 90 శాతానికి పైగా ఉన్న స్త్రీలు 22 శాతం దగ్గరికి వచ్చేశారు. కాలేజీ స్త్రీల ఆటల కోసం స్త్రీలే 1971లో పెట్టుకుని నడిపిన సంఘం, పురుషుల సంఘం ఆ పోటీలను తన చేతిలోకి తీసుకోవడంతో 1982లో మూతపడింది.

ఎందుకిలా జరిగింది? జీతం లేనప్పుడు, లేదా ఉన్నా నామమాత్రమైనప్పుడు ఆ పని స్త్రీలది. జీతం, కారు, ప్రయాణ భత్యం వచ్చాక అదే పని ‘ప్రొఫెషనల్’ అవుతుంది, దానికి పురుషులు కావాలంటారు. కుట్టుపని ఇంట్లో ఆడవాళ్లది, దుకాణంలో టైలరు మగవాడు. వంట సంగతీ అంతే. ఈ శ్రమ విభజన మనకు తెలిసిందే. గ్రౌండులో మాత్రం మనం దాన్ని గమనించలేదు.

దీని ఫలితం ఎంత దూరం పోతుందో 2023 జనవరిలో చూశాం. దేశానికి పతకాలు తెచ్చిన మల్లయోధురాళ్లు తమ సమాఖ్య అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణలతో ఢిల్లీలో జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నారు. ఆరోపణల నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానం. నన్ను కలవరపెట్టింది మరొకటి. పని స్థలంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చింది 2013లో. పదేళ్ల తర్వాత, 2023 మే నెలలో, అనేక క్రీడా సమాఖ్యల్లో చట్టం కోరిన అంతర్గత ఫిర్యాదుల కమిటీ లేదన్న విషయం మీద జాతీయ మానవ హక్కుల సంఘం నోటీసులు ఇవ్వవలసి వచ్చింది. ఎంపిక చేసేదీ, శిబిరానికి పిలిచేదీ, ఫిర్యాదు వినేదీ ఒకే గుంపు అయినప్పుడు ఇరవై ఏళ్ల అమ్మాయి ఎవరికి చెప్పుకుంటుంది?

2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టాన్ని ఆమోదించింది. జాతీయ సమాఖ్యల కార్యవర్గంలో 15 మందికి మించకూడదని, అందులో కనీసం నలుగురు స్త్రీలు ఉండాలని ఆ చట్టం అంటుంది. మంచిదే. కానీ 73వ రాజ్యాంగ సవరణ తర్వాత పంచాయతీల్లో ‘సర్పంచి భర్త’ అనే పదవి ఎలా పుట్టిందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? ఆ నాలుగు కుర్చీల్లో కార్యదర్శి గారి భార్య, అధ్యక్షుల వారి కోడలు కూర్చోకూడదంటే, ఆట తెలిసి, లెక్కలు తెలిసి, చట్టం తెలిసిన స్త్రీలు ఇప్పటి నుంచే తయారై ఉండాలి.

అలాంటివాళ్లు మనకు లేకపోలేదు. రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి ఆట ముగిశాక మ్యాచ్ రిఫరీ అయ్యారు. 2019లో అంతర్జాతీయ ప్యానెల్‌లో చేరిన తొలి మహిళా రిఫరీ ఆమె. మల్లీశ్వరి 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్‌గా నియమితులయ్యారు. 2022 డిసెంబరులో పి.టి. ఉష భారత ఒలింపిక్ సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. ఇవి గొప్ప విషయాలే. కానీ శిఖరం మీద ఒక్కరుంటే చాలదు. జిల్లాలో, మండలంలో, బడిలో ఉండాలి.

అందుకని మీరు ఊళ్లకు తిరిగి వెళ్లాక చేయగల పనులు మూడు చెప్తాను.

మొదటిది, సమాచార హక్కు చట్టం కింద మీ జిల్లాలో ఒక దరఖాస్తు పెట్టండి. వ్యాయామ ఉపాధ్యాయుల్లో, శిక్షకుల్లో స్త్రీలు ఎందరు, స్టేడియంలో అమ్మాయిలకు కేటాయించిన గంటలెన్ని, ఫిర్యాదుల కమిటీలో ఎవరున్నారు అని అడగండి.

రెండవది, మీ సంఘాల్లో కబడ్డీ, ఖోఖో ఆడి పెళ్లితో మానేసిన స్త్రీలను వెతకండి. చదువుకున్నవాళ్లకు బి.పి.ఎడ్. గురించి, పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ శిక్షక కోర్సుల గురించి, రిఫరీ పరీక్షల గురించి చెప్పండి. ఆట మానేసినంత మాత్రాన గ్రౌండుతో సంబంధం తెగిపోనక్కర్లేదు.

మూడవది, పార్కు వేళల గురించి, దీపాల గురించి మున్సిపాలిటీని నిలదీయండి. పొద్దున్న అయిదింటికి వంటింట్లో ఉండే స్త్రీకి ఆ వేళకే తెరిచి మూసే ఓపెన్ జిమ్ ఎందుకు?

విశ్రాంతి, వినోదం కడుపు నిండినవాళ్ల సంగతులని మనలోనూ కొందరం అనుకుంటాం. రోజంతా వంగి నాట్లు వేసిన నడుముకు ఒక గంట తనకోసం కావాలనడం విలాసం కాదు. ఆ గంట ఎప్పుడు, ఎక్కడ అన్నది నిర్ణయించే కుర్చీలో కూడా మనం ఉండాలి. అది అడగడానికి మొహమాటపడవద్దని మాత్రమే నా మనవి.

 ఇక ప్రశ్నలు మీవి.