అటక మీది పుస్తకాల మూట



శంషాబాదులో 2008లో విమానాశ్రయం వచ్చిన దగ్గర్నుంచి చుట్టుపక్కల పాత ఇళ్ళు పోయి అపార్టుమెంట్లు లేస్తున్నాయి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఇత్తడి బిందెకు కొత్తింట్లో చోటు దొరుకుతుంది గాని, అటక మీది పుస్తకాల మూటకు దొరకదు. కిలోల లెక్కన పాతపేపర్లవాడికి వెళ్ళిపోతుంది. ఈవేళ ఆ మూట గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం.

పాత పుస్తకం మొదటి పుటలు ఒకసారి తిప్పి చూడండి. ఏ ముద్రాక్షరశాల, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఎన్నో కూర్పు, వెల ఎన్ని అణాలు అని ఉంటుంది. కొన్నిటిలో ఎన్ని ప్రతులు వేశారో కూడా ఉంటుంది. అట్ట వెనుక ప్రకటనల్లో ఆనాడు అమ్మిన ఇతర పుస్తకాల పేర్లు కనిపిస్తాయి. మన అచ్చు చరిత్ర రాసేవారికి ఇవే ఆధారాలు.

ఇందులో ఆడవాళ్ళకేం పని అంటారా? చాలాకాలం తెలుగులో మొదటి కథానిక అంటే 1910లో అచ్చయిన గురజాడవారి 'దిద్దుబాటు' అనే చెప్పేవారు. కాని భండారు అచ్చమాంబగారి 'ధనత్రయోదశి' 1902లోనే 'హిందూసుందరి' అనే స్త్రీల పత్రికలో వచ్చింది. ఆవిడ 1905లో, ముప్పయ్యేళ్ళ వయసులోనే కన్నుమూశారు. ఆ సంచికలు ఎవరో దాచబట్టి గదా, తొలి కథల మాట వచ్చినప్పుడు ఈనాడు ఆవిడ పేరూ చెప్పుకుంటున్నాం! అవి పొట్లాలు కట్టడానికి పోయి ఉంటే, ఆవిడ రాసిందన్న సంగతే మనకు తెలిసేది కాదు.

ఆవిడ తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు మరికొందరు పెద్దలతో కలిసి 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించారు. సుల్తాన్ బజారులో అది ఇప్పటికీ ఉంది. అఫ్జల్‌గంజిలోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైంది. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. పాత పుస్తకాలు, పత్రికలు వెతుక్కునే పరిశోధకులు వెళ్ళేది ఇలాంటి చోట్లకే. అయితే ఎంత పెద్ద గ్రంథాలయంలోనైనా అన్ని సంచికలూ ఉండవు. ఆ లోటు పూడ్చగలిగేవి మన ఇళ్ళ అటకలే.

పాతకాలపు చౌక కాగితంలో ఆమ్లం ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కి, పెళుసుబారి విరిగిపోతుంది. చిరిగినచోట టేపు అంటించకండి, జిగురు మరక పడుతుంది. ఎండలోనూ పెట్టకండి. మెల్లగా దుమ్ము దులిపి, నూలుగుడ్డలో చుట్టి, చెమ్మ తగలని చోట ఉంచండి. తరువాత పుస్తకాల పేర్లు, సంవత్సరాలు ఒక కాగితం మీద రాసి గ్రంథాలయం వారికి చూపించండి. తమ దగ్గర లేనివి ఏవో, తీసుకోగలిగినవి ఏవో వారే చెబుతారు.

ఇల్లు మారే హడావిడిలో తీరిక దొరకదు, నిజమే. అయినా మూటను తూకం వేయించే ముందు ఒక్క పూట విప్పి చూడండి. అందులో ఏ అచ్చమాంబ ఉందో ఎవరు చూశారు? సెలవు.