అంగళ్ల మేడల సంరక్షణము



మృగశిర కార్తె ప్రవేశింపకముందే మన పల్లెలలో గృహస్థుడు నిచ్చెన వేసికొని యింటిమీది కెక్కును. పగిలిన గూనపెంకులను తీసివైచి, జరిగినవానిని సర్ది, కోతులు చెదరగొట్టినచోట క్రొత్తవి పరచి దిగును. ఈ పని చేయుమని యెవరును అతనికి తాఖీదు పంపరు. కారునది తన యిల్లు, తడియునవి తన గింజలు. కావున మబ్బు కనబడకముందే పని ముగియును.

ఇట్టి యింటివాడు పట్టణమందలి అంగళ్ల మేడకు లేడు. నేటి ప్రసంగమునకు మూలమదియే. కరీంనగరమున టవర్ సర్కిలు చుట్టునున్న బజారులలోగాని, ఆదిలాబాదు గాంధీచౌకు దగ్గరగాని నాలుగంతస్తుల కట్టడము నొకదానిని జూడుడు. క్రింద బట్టల దుకాణము, దానిపై దంతవైద్యుడు, ఆపై పిల్లలకు చదువు చెప్పు శిక్షణాలయము, అన్నిటికి మీద సరకుల గోదాము. దుకాణదారు తన గడప వరకు నూడ్పించుకొనును; అద్దములు తుడిపించును; సాయంకాలము సాంబ్రాణి పొగ వేయును. మరి మెట్లెవరివి? మిద్దెపై నిలిచిన నీరెవరిది? మీటర్ల పెట్టె చుట్టు వ్రేలాడు తీగలెవరివి? అడిగినచో నొకరినొకరు చూపుదురు. యజమాని హైదరాబాదులోనో అమెరికాలోనో యుండును. అద్దె మాత్రము నెల తప్పక చేరుచుండును.

పట్టణపు మేడల గొడవ మనకేల యని మీరడుగవచ్చును. 2023 మార్చి 16వ తేది సాయంకాలము సికిందరాబాదులో స్వప్నలోక్ అను వాణిజ్య భవనమున నిప్పంటుకొనెను. ఆరుగురు యువతీయువకులు ప్రాణములు కోల్పోయిరి. వారు హైదరాబాదు షావుకార్లు కారు. వరంగల్లు, ఖమ్మము ప్రాంతముల పల్లెలనుండి కొలువుకై వచ్చిన బిడ్డలు. వారిని మంట తాకలేదు, పొగ చంపినది. అంతకుముందు 2022 సెప్టెంబరులో అదే సికిందరాబాదున క్రింద విద్యుద్వాహనముల దుకాణము, పైన బసగదులు గల మేడలో ఎనమండుగురు మరణించిరి. 2025 మే 18వ తేది తెల్లవారుజామున హైదరాబాదు గుల్జార్ హౌజు దగ్గర, క్రింద అంగళ్లు, పైన కాపురము గల యింటిలో పదునేడుగురు పోయిరి, అందెనిమిదిమంది పసిపిల్లలు. ఆ యింటికి వెడలు దారి మిగుల నిరుకైనది. మన కరీంనగరము, మంచిర్యాల, నిర్మలు పట్టణములలోను క్రింద దుకాణము, మీద కాపురము గల యిండ్లు కొల్లలుగ నున్నవి.

పొగ సంగతి కొంచెము వివరింతును. వేడి పొగ పైకే పోవును. మెట్లు తిరుగుచు పైకిపోవు గది దానికి పొయ్యిమీది గొట్టమువలె నుపకరించును. తీగలు, నీటి గొట్టములు పోవుటకై అంతస్తంతస్తున విడిచిన రంధ్రముల గతియు నంతియే. ఆ రంధ్రములను ప్రతి యంతస్తునను మూయించి, మెట్ల తలుపులు తమంతట మూసికొనునట్లు చేసినచో పొగ తొందరగా నెక్కజాలదు. దీనికగు ఖర్చు మేడముందర పెట్టు వెలుగుబోర్డు ఖర్చుకంటె తక్కువ.

కొన్నియేండ్ల క్రిందట ఒక జిల్లా పట్టణమున నొక మూడంతస్తుల మేడకు మరమ్మతుల లెక్క కట్టుటకై నన్ను పిలిచిరి. ముందొక మెట్లదారి, వెనుకనొకటి యుండెను. వెనుకదారిలో బట్టల పెట్టెలు కప్పు తగులునంతగా పేర్చబడియుండెను. క్రింద ఇనుప షట్టరు, దానికి తాళము, చెవి కావలివానిచేత, కావలివాడు భోజనమునకు పోయెను. "ఆ మెట్లు పదియేండ్లుగా నెవరును ఎక్కలేదు, ఊరకుంచనేల యని అద్దెకిచ్చితిమి" అని ఆసామి చెప్పెను. నేను లెక్క వ్రాసియిచ్చితిని. అందు మొదటి పద్దు వెనుకమెట్లు ఖాళీ చేయించుట. దాని కెదుట సున్న వేసితిని, ఖర్చులేని పనిగదా! మరుసటి యేడు చూచితిని. గోడలకు రంగు వేసిరి, అద్దములు మార్చిరి, పాలరాతి గడప వేసిరి. సున్నరూపాయల పద్దు మాత్రము అట్లే మిగిలియుండెను. అద్దె పోవునను లెక్కను నేను వ్రాయలేదు, వారు వ్రాసికొనిరి.

సర్కారు చూచుకొనదా యని యందురేమో. 1999 నాటి అగ్నిమాపక చట్టము 15 మీటర్లు, అంతకు మించిన యెత్తుగల వాణిజ్య భవనములకు ఆ శాఖవారి యనుమతిపత్రమును విధించినది. మన పట్టణములలోని మేడలు పెక్కు అంతకంటె పొట్టివి. కొలబద్దకు క్రింద నిలిచినది క్షేమమని తలచుట మనుష్యుల యలవాటు.

ఇక నీటి విషయము. నిప్పు ఒక్క రాత్రిలో చేయు పనిని నీరు ఇరువదియేండ్లు పట్టి చేయును. మిద్దెమీది తూమున ఆకులడ్డుపడును, నీరు నిలుచును, కప్పులోని సన్నని బీటనుండి దిగి లోపలి ఇనుపకడ్డీని చేరును. ఇనుము త్రుప్పుపట్టిన రెండింతలకు పైగా నుబ్బును. ఆ యుబ్బు చుట్టునున్న కాంక్రీటును పగులగొట్టును, పెళ్లలు రాలును. అప్పుడు మేస్త్రీని పిలిచి సిమెంటు మెత్తించి సున్నము వేయింతురు. లోపల త్రుప్పు తన పని తాను చేయుచునే యుండును. పిట్టగోడ సందున మొలచిన రావిమొక్క విషయమును ఇట్టిదే. రెండాకుల నాడు వ్రేళ్లతో లాగివేయవచ్చును. భక్తిచేతనో బద్ధకముచేతనో విడిచినచో మూడేండ్లకు గోడను చీల్చును.

ఆదిలాబాదువారికి మరియొక చిక్కు గలదు. ప్రత్తి పండు నల్లరేగడి వానలకు ఉబ్బును, ఎండలకు నెర్రెలు విచ్చును. మీ చేలలో వేసవిని చేయి దూరునంతటి నెర్రెలు మీరు చూడనివి కావు. మేడ పునాది అట్టి నేలపై నున్నప్పుడు ఒకమూల గొట్టము కారినచో ఆ మూల నేల మాత్రము ఉబ్బి, గోడ వాలుగా పగులును. కావున గోడ చుట్టు గచ్చు అరుగు వేసి, నీరు దూరముగ పోవునట్లు వాలు పెట్టవలయును. కారు గొట్టమును ఆ వారమే మార్పింపవలయును.

చెడిన దానిని బాగుచేయ వీలులేదా? కలదు. హైదరాబాదున మొజంజాహి మార్కెట్టును మీలో పలువురు చూచియుందురు. ఏడవ నిజాము కాలమున 1935లో నల్లరాతితో కట్టినది. నిజాము రెండవ కుమారుని పేరు పెట్టిరి. నడుమ గడియారపు గోపురము, ఇరుప్రక్కల రెక్కలవలె అంగళ్ల వరుసలు. ఒకప్పుడు పండ్లకు పేరుగన్న సంత. కాలక్రమమున రేకుల పందిళ్లు, ప్రకటన పలకలు, తీగల చిక్కులు దాని ముఖమును కప్పివైచినవి. 2018లో పురపాలకశాఖ ప్రధానకార్యదర్శి అర్వింద్ కుమార్ దాని బాగుసేత బాధ్యతను వహించిరి. 2020 ఆగష్టున అది తిరిగి ప్రజలకు తెరువబడెను. గడియారము మరల నడిచెను. నాకు నచ్చినది యేమనగా, అంగళ్లను ఖాళీచేయించి దానిని బొమ్మల కొలువుగ మార్చలేదు, వర్తకము సాగుచునేయున్నది. వర్తకము లేని అంగడి తొందరగా పాడగును.

రాయి యనగానే మన జిల్లా జ్ఞప్తికి వచ్చును. కరీంనగరపు గోధుమవన్నె గ్రానైటు 'టాన్ బ్రౌన్' అను పేర దేశదేశములకు పోవుచున్నది. మన గుట్టలనుండి తీసిన దిమ్మెలు రైలెక్కి కాకినాడ రేవు చేరి, ఓడలలో చీనాకు పోయినవి. దూరదేశపు మేడలలో దానిని మెత్తని గుడ్డతో తుడుతురు. ఇచ్చటనో, మరక కనబడిన తోడనే తేజాబు పోయుదురు. తేజాబు రాళ్ల నడుమనున్న సిమెంటు అతుకులను తినివేయును, ఆ సందులలో నీరు దిగును, పలక కదలును. సబ్బునీళ్లు చాలును. గుట్టలు పోగొట్టుకొని తెచ్చుకొన్న రాతికి ఆపాటి మర్యాద చేయవలదా?

మీ గ్రామపంచాయతికిని రోడ్డు ప్రక్కన నాలుగైదు దుకాణముల వరుస యుండవచ్చును. అద్దె పంచాయతి ఖాతాకు వచ్చును. ఆ అద్దెలో పదవవంతు ప్రతినెల వేరుగ నుంచి, ఆ వరుస మరమ్మతుకే వాడుదురని తీర్మానము వ్రాసికొనుడు. ఒక పుస్తకము పెట్టి, మిద్దె నూడ్చిన తేది, తీగలు చూచిన తేది, చూచినవాని సంతకము వ్రాయించుడు. సంతకము పెట్టవలసియున్నప్పుడు మనిషి మిద్దె యెక్కును. మీ మనుమడో మనుమరాలో పట్టణపు మేడలో కొలువు చేయుచున్నచో, పండుగకు వచ్చినప్పుడు జీతమెంతయని యడుగుటతోపాటు, మీ మేడకు రెండవ మెట్లదారి కలదా, దాని తలుపు తెరుచుకొనునా యని కూడ అడుగుడు. తెలియదన్నచో, తిరిగి పోయిన మొదటి దినముననే ఆ మెట్లు దిగి చూడుమని చెప్పి పంపుడు.