మార్కుల వరుసలో మన పెద్దలున్నారా?





మన సభల్లో భాష గురించి, పండుగల గురించి, హక్కుల గురించి మాట్లాడుకుంటాం. ఈ రోజు మేము సిలబస్ గురించి మాట్లాడదామని వచ్చాం. అది ప్రొఫెసర్ల పని, మాకెందుకు అని మీకు అనిపించవచ్చు. కారణం ఉంది.

ములుగులో మన వనదేవతల పేరుతో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టంలో ఇచ్చిన హామీ అది. 2023 డిసెంబరులో పార్లమెంటు బిల్లును ఆమోదించింది. ఆ కొత్త విశ్వవిద్యాలయాన్ని చేయి పట్టి నడిపించే బాధ్యతను మన శేరిలింగంపల్లిలోనే ఉన్న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి అప్పగించారు. 2024లో ఇంగ్లిష్, ఎకనామిక్స్ డిగ్రీ కోర్సులతో తరగతులు మొదలయ్యాయి. ఇక మన భాషల మీద, మన చరిత్ర మీద కోర్సులు రావాలని అందరం కోరుకుంటున్నాం. వస్తే వాటి సిలబస్ ఎవరు రాస్తారు? మీలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లున్నారు, నెట్‌కు చదువుతున్నవాళ్లున్నారు. రేపు ఆ కాగితం మీ ముందుకే రావచ్చు. అప్పుడు ఏం చేయాలో ఇప్పుడే ఆలోచించుకుందాం.

టీచర్ ట్రైనింగ్‌లో మేము చదువుకున్న పెద్ద పేరు రాల్ఫ్ టైలర్. 1949లో ఆయన నాలుగు ప్రశ్నలు వేశాడు. ఈ చదువు దేనికోసం? దానికి ఏ అనుభవాలు కావాలి? వాటిని ఏ వరుసలో పెట్టాలి? లక్ష్యం నెరవేరిందని ఎలా తెలుస్తుంది? చాలా సిలబస్‌లు మొదటి ప్రశ్నను దాటేసి, నేరుగా యూనిట్ ఒకటి, యూనిట్ రెండు అని మొదలవుతాయి. లక్ష్యం దగ్గర "విద్యార్థులకు ఆదివాసీ సంస్కృతిపై అవగాహన కలుగుతుంది" అని ఒక వాక్యం రాసి ఊరుకుంటారు. అవగాహన కలిగిందో లేదో ఎలా చూస్తారు? దాని బదులు ఇలా రాయండి: "కోర్సు పూర్తయ్యేసరికి విద్యార్థి ఒక పెద్ద మనిషి చెప్పిన కథను రికార్డు చేసి, ఆ భాషలోనే రాసి, తెలుగులో వివరించగలగాలి." ఇది కంటికి కనిపించే పని. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే తమ్ముళ్లకు ఇది కొత్త కాదు. వాడేవాడు ఏం చేయగలగాలో ముందు రాసుకున్నాకే మీరు కోడ్ మొదలుపెడతారు.

మన దగ్గరే దీనికి పాత ఉదాహరణ ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను గోండుల దగ్గరికి పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. వాచకాలు గోండీ భాషలో, దేవనాగరి లిపిలో తయారయ్యాయి. బయటి నుంచి వచ్చిన పంతులుకు పిల్లల మాట అర్థం కాకపోతే పుస్తకం ఎంత మంచిదైనా లాభం లేదని అక్కడ గుర్తించారు. అందుకే ఎవరు చెబుతారు, ఏ భాషలో చెబుతారు అన్నవి ముందు తేల్చారు. ఎనభై ఏళ్లు దాటినా ఆ వరుస మనకు పనికొస్తుంది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. యూజీసీ లెక్కలో ఒక క్రెడిట్ అంటే 15 గంటల పాఠం, లేదా 30 గంటల క్షేత్ర పని. నాలుగు క్రెడిట్ల కోర్సులో మూడు క్రెడిట్లు తరగతికి ఇస్తే 45 గంటలు, ఒకటి ఊరికి ఇస్తే 30 గంటలు. ఆ 30 గంటలు ఎప్పుడన్నది కూడా సిలబస్‌లోనే తేలాలి. దండారి, గుస్సాడి దీపావళి రోజుల్లో. కేస్లాపూర్ నాగోబా జాతర పుష్య అమావాస్యకు. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘ మాసంలో. గుస్సాడి చూపించాలనుకుని కోర్సును జనవరి సెమిస్టర్‌లో పెడితే పిల్లలు వీడియోలు చూసి సరిపెట్టుకోవాలి. కాబట్టి పండుగల క్యాలెండర్ పక్కన పెట్టుకుని సెమిస్టర్ ఎంచుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది మార్కుల వరుస. సిలబస్‌లో మౌఖిక సాహిత్యం అని ఒక యూనిట్ ఉంటుంది. పరీక్షలో మాత్రం అచ్చు పుస్తకం నుంచి వ్యాసం అడుగుతారు. పిల్లలు ఏం చేస్తారు? పుస్తకమే చదువుతారు. వాళ్ల తప్పేమీ లేదు, మార్కులు ఎక్కడ ఉంటే శ్రద్ధ అక్కడ ఉంటుంది. అందుకే ఎవరైనా మీకు మన మీద రాసిన సిలబస్ చూపిస్తే చివరి పేజీ ముందు చూడండి. మన పెద్దల దగ్గర నేర్చుకున్నదానికి ఎన్ని మార్కులు ఉన్నాయి? సున్నా అయితే ఆ యూనిట్ పేరుకే ఉన్నట్టు. మా సూచన ఇది: నూటికి 30 మార్కులు రికార్డింగుకు, దాన్ని రాతలో పెట్టినందుకు. 20 మార్కులు ఆ పనిని మళ్లీ ఊరివాళ్ల ముందు చదివి వినిపించి, వాళ్లు చెప్పిన సవరణలు చేర్చినందుకు. 20 వ్యాసానికి, 30 రాత పరీక్షకు. ఊరు సరేనన్నాకే మార్కులు పడితే, మన గురించి తప్పు రాసే అవకాశం తగ్గుతుంది.

ఇందులో ఆలస్యం పనికిరాదు. గుస్సాడి నేర్పిన మార్లవాయి కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మ కథను కోయలోనూ తెలుగులోనూ పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో వచ్చింది. ఇద్దరూ 2024లోనే వెళ్లిపోయారు. లైబ్రరీలో పుస్తకాన్ని వచ్చే ఏడాదైనా చదువుకోవచ్చు. పెద్దల దగ్గర ఉన్నది ఈ ఏడాదే నేర్చుకోవాలి.

వాళ్లకు డిగ్రీ లేదు కదా, తరగతిలోకి ఎలా రానిస్తారు అంటారేమో. 2022లో యూజీసీ తెచ్చిన ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ మార్గదర్శకాల ప్రకారం డిగ్రీ తప్పనిసరి కాదు, ఆ రంగంలో కనీసం 15 ఏళ్ల అనుభవం కావాలి. యాభై ఏళ్లుగా డోలు వాయిస్తున్న తాతకు అనుభవం తక్కువా? ఆయన పేరు, ఆయనకిచ్చే గౌరవ వేతనం సిలబస్ ప్రతిపాదనలోనే రాయండి.

ఇంకో మాట హాస్టల్ నుంచి. మొదటి సెమిస్టర్‌లోనే సామాను సర్దుకుని ఊరికి పోతామనే పిల్లల్ని మేము చూస్తుంటాం. తెలివి తక్కువై కాదు. అసైన్‌మెంట్ ఎలా ఉండాలి, రిఫరెన్స్ అంటే ఏమిటి, సందేహం వస్తే సార్‌ను ఎప్పుడు కలవాలి, హాజరు తగ్గితే ఏమవుతుంది అన్నవి వాళ్లకు ఎవరూ చెప్పరు. అడగడానికి సిగ్గు. ఇంట్లో డిగ్రీ చదివిన అన్నో అక్కో ఉంటే చెబుతారు, లేనివాళ్లకు ఎవరు చెప్పాలి? సిలబస్ చెప్పాలి. మంచి జవాబు నమూనా ఒకటి, తేదీలు, పుస్తకం ఎక్కడ దొరుకుతుందో, ఇంటి పండుగకు వెళ్లాల్సి వస్తే ఏం చేయాలో ఒక పేజీలో సులభమైన తెలుగులో రాస్తే చాలు. ఆ ఒక్క పేజీ కొందరి చదువు నిలబెడుతుంది.

సాంకేతిక రంగంలో ఉన్నవాళ్లకు వేరే పని ఉంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండీ రాతప్రతుల మీద హెచ్‌సీయూలోని దళిత, ఆదివాసీ అధ్యయనాల, అనువాద కేంద్రం పనిచేసింది. 2018లో గుంజాల గోండీ లిపి యూనికోడ్‌లో చేరింది. అంటే ఆ లిపిలో అసైన్‌మెంట్ టైపు చేసి ఇవ్వడానికి దారి తెరుచుకుంది. పిల్లల ఫోన్లలో సులభంగా పనిచేసే కీబోర్డులు, ఫాంట్లు సిద్ధం చేయండి. హైటెక్ సిటీలో మీరు రోజూ చేసే పనే ఇది.

చివరగా, సిలబస్ ఒక్కరు రాసేది కాదు. డిపార్ట్‌మెంట్‌లో తయారై, బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు, అక్కడి నుంచి అకడమిక్ కౌన్సిల్‌కు వెళుతుంది. మధ్యలో విద్యార్థుల, పూర్వ విద్యార్థుల అభిప్రాయాలు అడుగుతారు. ఆ ఫారం వచ్చినప్పుడు అన్నిటికీ "బాగుంది" అని టిక్కు పెట్టి పంపకండి. మూడు ప్రశ్నలు రాయండి: కోర్సు అయ్యాక మేము ఏం చేయగలం? మా ఊరికి ఎన్ని గంటలు? మా పెద్దల దగ్గర నేర్చుకున్నదానికి ఎన్ని మార్కులు? గోండులైనా, కోయలైనా, లంబాడాలైనా, చెంచులైనా ఈ మూడు ప్రశ్నలు అందరివీ.

ఈ సంచిక చదివే ప్రతి తమ్ముడు, ప్రతి చెల్లె ఈ సెమిస్టర్‌లో తన కోర్సు సిలబస్‌ను ఒక్కసారైనా చివరి పేజీ నుంచి చదవాలని మా కోరిక.