మన సంస్థల యుద్యోగులకు సైబరు రక్షణ శిక్షణము
(వార్షిక మహాసభ రెండవనాటి యుపన్యాసము)



విద్యను గూర్చియు, వసతిగృహములను గూర్చియు, పరపతి సంఘమును గూర్చియు పెద్దలు నిన్నటినుండి ప్రసంగించియున్నారు. ఆ సంస్థల సొమ్మును కాపాడు విషయమై నాలుగు మాటలు చెప్పుటకు ఆహ్వానసంఘమువారు మమ్ము నియోగించిరి. మేము కంప్యూటరు శాస్త్రమున పండితులము కాము. పలువత్సరములు కోశాధికారము నిర్వహించి, ఒక తప్పు చేసి, దానివలన కొంత నేర్చుకొన్నవారము. ఆ నేర్చినదే మీ సన్నిధి నుంచుచున్నాము.

పూర్వము మన నిధి యినుపపెట్టెలో నుండెడిది. తాళపుచెవి కోశాధికారి మొలను వ్రేలాడుచుండెడిది. దొంగ రావలయునన్న గోడకు కన్నము వేయవలసియుండెను. నేడు సొమ్ము బ్యాంకుఖాతాలోను, లెక్కలు కంప్యూటరులోను ఉన్నవి. విద్యార్థుల జాబితాలు, దాతల చిరునామాలు, ఆధారుసంఖ్యలు అన్నియు నందే కలవు. నేటి దొంగ గుమాస్తాకు ఒక యుత్తరము వ్రాయును; గుమాస్తాయే తలుపు తీయును.

ఇందుకు లోకవిదితములైన నిదర్శనములు కలవు. బంగ్లాదేశ్ కేంద్రబ్యాంకునకు న్యూయార్కు ఫెడరల్ రిజర్వు బ్యాంకునందు గల ఖాతానుండి 2016 ఫిబ్రవరిలో సుమారు 95 కోట్ల డాలర్లు హరింప చోరులు యత్నించిరి. ఉద్యోగార్థి వ్రాసినట్లు నటించి బ్యాంకు సిబ్బందికి ముందుగా పంపిన యీమెయిళ్లే వారికి ద్వారములైనవి. బదిలీలను కాగితముపై ముద్రించు యంత్రము ఆ సమయమున నిలిచిపోగా, సిబ్బంది యది మామూలు చెడుపేయని యెంచిరి. 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఫిలిప్పీన్సునకు తరలిపోయినవి. అయినను శ్రీలంకకు పంపబడిన 2 కోట్ల డాలర్లు దక్కినవి. గ్రహీత పేరులో ‘ఫౌండేషన్’ అను మాట తప్పుగా నుండుట గమనించి, నడుమనున్న బ్యాంకువారు ప్రశ్నించుటయే యందుకు హేతువు. ఒక్క సందేహము రెండు కోట్ల డాలర్లను కాపాడినది!

అంత దూరము పోనేల? 2022 జనవరిలో మన హైదరాబాదునందే మహేశ్ సహకార బ్యాంకునుండి 12 కోట్ల రూపాయలకు పైగా అపహృతమైనది. అంతకు రెండు మాసముల ముందు సిబ్బందికి వచ్చిన మోసపుటీమెయిళ్లను తెరచుటవలన దొంగలు లోనికి చొరబడిరని పోలీసువారు తెలిపిరి. కోట్ల వ్యాపారము గల బ్యాంకులకే యిట్టి యాపద కలిగిన, ఇరువురు గుమాస్తాలతో నడచు మన పరపతి సంఘముల మాట వేరుగ చెప్పవలయునా?

ఇక మా తప్పు వినుడు. మా కార్యాలయమున వినయశీలుడైన యువకుడొకడు గుమాస్తాగా నుండెను. ఒకనాడు మే మొక చెల్లింపునకు ఉత్తరువు పంపగా, అతడు ఫోనుచేసి, “అయ్యా, ఇది తమ యాజ్ఞయేనా?” అని యడిగెను. మేము పెండ్లిపందిటిలో నుంటిమి. “మా మాట నీకు చాలదా?” యని నలుగురి యెదుట కసరితిమి. కొన్ని నెలలకు మా ఛాయాచిత్రముతో, మా పేరిట, క్రొత్త సంఖ్యనుండి అతనికి వాట్సాపు సందేశము వచ్చెను: “సభలో నున్నాము, ఫోను చేయవలదు, ఈ ఖాతాకు వెంటనే సొమ్ము పంపుము.” అతనికి సందేహము కలిగెను. కాని మా కసరు జ్ఞాపకమునకు వచ్చెను. సొమ్ము పంపెను. పదునెనిమిదిమంది విద్యార్థుల వేతనము పోయెను. మోసమని తెలిసినపిమ్మట రెండు దినములు భయముచే నోరు మెదపలేదు. ఆ రెండు దినములలో సొమ్ము చేతులు మారి కనుమరుగయ్యెను.

కార్యవర్గమువారు అతనిని తొలగింపవలయుననిరి. దొంగకు తోడ్పడినది మా గర్వమేయని మేము చెప్పుకొంటిమి. అతడు నేటికిని మా కార్యాలయముననే యున్నాడు. అతనికంటె జాగరూకుడు మాకు వేరొకడు లేడు.

కావున మహాజనులారా, పెద్దలమాటకు ఎదురు చెప్పకుండుట మనకు తరతరముల మర్యాద. ఆ మర్యాదనే దొంగ ఆయుధముగా గైకొనుచున్నాడు. అడిగి నిర్ధారణ చేసికొనుట అవిధేయత కాదని మన యుద్యోగులకు పెద్దలే చెప్పవలయును. అందుకై మేము కోరునవి యివి.

మొదటిది: సొమ్ము పంపు ఉత్తరువు ఏ రూపమున వచ్చినను, మునుపే తెలిసిన సంఖ్యకు తిరిగి ఫోనుచేసి నిర్ధారించుకొని, ఇరువురి యనుమతితోనే పంపవలయును. కంఠమును సైతము అనుకరింపగల యంత్రములు వచ్చియున్నవి గనుక, వచ్చిన ఫోనును నమ్మరాదు. అధ్యక్షునకైనను ఈ నియమమునుండి మినహాయింపు లేదు.

రెండవది: ఒక్కొక్క యుద్యోగికి వేరువేరు పాస్‌వర్డు ఉండవలయును. ఓటీపీ నెవ్వరికిని చెప్పరాదు. ఉద్యోగము విడిచినవాని ప్రవేశాధికారమును ఆ దినముననే రద్దుచేయవలయును.

మూడవది: మూడు మాసముల కొకసారి కార్యాలయమే యొక కల్పిత మోసపుటీమెయిలును పంపి సిబ్బందిని పరీక్షింపవలయును. మోసపోయినవానికి ఏకాంతమున నేర్పుడు. పసిగట్టినవానిని సభలో మెచ్చుకొనుడు. ఒక్కనాటి యుపన్యాసముతో ఈత రాదు, నీటిలో దిగవలయును.

నాలుగవది: లెక్కల ప్రతి యొకటి వారమువారము తీసి, కంప్యూటరుతో సంబంధము లేకుండ వేరుచోట దాచవలయును. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి కంప్యూటర్లపై దాడి జరుగగా, అనేక దినములు చేతివ్రాతతో పని సాగింపవలసివచ్చెను. దాచిన ప్రతి తిరిగి తెరచుకొనునో లేదో అప్పుడప్పుడు పరీక్షించుటయు మరువరాదు.

ఐదవది: తప్పు జరిగిన తక్షణమే చెప్పినవానిని దండింపరాదు. సొమ్ము పోయిన వెంటనే 1930 సంఖ్యకు ఫోనుచేసిన, అది దొంగ చేతికి చేరకమునుపే నిలుపుటకు వీలుండును. సైబరు దాడులను గమనించిన 6 గంటలలోపల తమకు తెలుపవలయునని కేంద్రప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న సంస్థలను ఆదేశించియున్నది. మౌనముగ గడచిన ప్రతి గంటయు దొంగకే లాభము.

వీనిలో పెక్కింటికి ధనవ్యయము లేదు. పెద్దల యోర్పు మాత్రము కావలయును. రేపటి తీర్మానములలో దీని నొకటిగ చేర్చి యామోదింప ప్రార్థించుచున్నాము. ఆ పదునెనిమిదిమంది పిల్లలకు ఆ యేటి వేతనమును మా స్వంతమునుండి చెల్లించితిమి. అట్టి యప్పు మరియొక కోశాధికారికి కలుగకుండు గాక!