2021లో టికెట్ క్రెడిట్ గడువు: తొందరపడి విమానం ఎక్కాల్సిన అవసరం లేకపోయింది

2021 మార్చిలో చాలామంది ఒకటే అడిగేవారు. "లాక్‌డౌన్‌లో క్యాన్సిల్ అయిన టికెట్ డబ్బు క్రెడిట్ షెల్‌లో ఉండిపోయింది. మార్చి 31తో గడువు అయిపోతోంది. ఎక్కడికో ఒకచోటికి వెళ్లొచ్చేయమంటారా?" అని. వద్దండీ అనే చెప్పాను. ఆ మాట చెప్పడానికే ఈ ఎపిసోడ్.

ముందు నా సంగతి చెప్తాను. 2020 ఫిబ్రవరిలో, అమ్మానాన్నల్ని కాశీ తీసుకెళ్దామని హైదరాబాద్ నుంచి వారణాసికి నాలుగు టికెట్లు తీసుకున్నాను. ఏప్రిల్‌లో ప్రయాణం. మార్చి 25 నుంచి విమానాలు ఆగిపోయాయి కదా. మీ 20 వేలు క్రెడిట్ షెల్‌లో వేశామని ఏప్రిల్‌లో ఈమెయిల్ వచ్చింది. మమ్మల్ని అడిగింది లేదు. ఏడాదిలోగా, అవే పేర్ల మీద వాడుకోవాలన్నారు.

ఆగస్టులో నాన్న పోయారు.

ఆ పేరు మీద ఇంకెవరు ఎక్కుతారండీ? కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "పేరు మార్చడం కుదరదు సార్" అన్నారు. ఆ బాధలో నేనూ ఊరుకున్నాను.

2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. లాక్‌డౌన్‌కి ముందు టికెట్ కొని, మే 24 లోపు ప్రయాణం ఉన్నవాళ్లు ఇది జాగ్రత్తగా వినండి. కంపెనీ దగ్గర వెంటనే తిరిగి ఇచ్చే డబ్బు లేకపోతే క్రెడిట్ షెల్ ఇవ్వొచ్చని కోర్టు అంది. కానీ దాన్ని ఏ రూట్‌లోనైనా వాడుకోవచ్చు, ఎవరి పేరు మీదకైనా మార్చుకోవచ్చు అని చెప్పింది. 2020 జూన్ 30 దాకా నెలకి అర శాతం, ఆ తర్వాత ముప్పావు శాతం చొప్పున దాని విలువ పెరగాలంది. అంటే మా 20 వేలకి మొదట నెలకి 100, తర్వాత 150 రూపాయలు. 2021 మార్చి 31 దాకా వాడకపోతే ఆ డబ్బు మునిగిపోదు, తిరిగి ఇచ్చేయాలంది. అదండీ అసలు విషయం!

లాక్‌డౌన్ రోజుల్లోనే బుక్ చేసి, ఆ రోజుల్లోనే ప్రయాణం ఉన్నవాళ్లకైతే క్రెడిట్ కాదు, మొత్తం డబ్బే వెనక్కి రావాలి. ఏజెంటు ద్వారా కొన్నవాళ్లకి అతని ద్వారానే వస్తుంది కాబట్టి ముందు అతన్ని పట్టుకోండి. మే 24 తర్వాతి ప్రయాణాలకి మాత్రం ఈ తీర్పు వర్తించదు, మామూలు రిఫండ్ నియమాలే.

మరి ఏం చేయాలి? ఫోన్‌తో సరిపెట్టుకోవద్దు, ఈమెయిల్ రాయండి. పీఎన్ఆర్ నంబరు, కట్టిన మొత్తం, క్యాన్సిల్ అయిన తేదీ, తీర్పు తేదీ, నాలుగూ ఉండాలి. క్రెడిట్ కనిపించే పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. జవాబు రాకపోతే విమానయాన శాఖ వాళ్ల ఎయిర్‌సేవ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.

నేనూ అలాగే రాశాను. రెండు ఈమెయిళ్లు, ఒక ఫిర్యాదు అయ్యాక నాన్న వాటా మా చెల్లెలి పేరు మీదకి మారింది. అయినా అప్పుడు వెళ్లలేదు. 2021 మార్చి 1 నుంచి 60 దాటినవాళ్లకి టీకా ఇవ్వడం మొదలైంది కదా, ముందు అమ్మకి రెండు డోసులూ పడాలనుకున్నాను. "గడువు అయిపోతుందేమో రా" అని అమ్మే కంగారు పడింది. "డబ్బుకే అమ్మా గడువు, కాశీకి కాదు" అన్నాను.

మీకు ఎక్కడ ఆగిపోయిందో కామెంట్లలో రాయండి, పీఎన్ఆర్ మాత్రం అక్కడ పెట్టకండి.