మిర్చి రేట్ల వీడియో మన ఫోన్ బ్రౌజర్‌లోనే, సర్వర్ లేకుండా!

మిర్చి సీజన్ వచ్చిందంటే మన ఊళ్ల వాట్సాప్ గ్రూపులు ఎలా ఉంటాయో మీకు తెలుసు కదా. పొద్దున్నుంచీ "గుంటూరు యార్డు రేట్లు" అని వీడియోలే వీడియోలు. తేజ ఇంత, 334 ఇంత, బ్యాడిగి ఇంత. చాలావాటి మీద తేదీ ఉండదు. ఎప్పటిదో పాత రేటు చూసి వినుకొండ నుంచో మార్కాపురం నుంచో టిక్కీలు బండికెత్తిస్తే, కిరాయి, హమాలీ ఖర్చు రైతు నెత్తినే. అందుకే ఈరోజు, రేట్లు టైప్ చేస్తే చాలు, ప్రతి ఫ్రేమ్ మీదా తేదీ పడే పది సెకన్ల ఎంపీ4 వీడియో చేద్దాం. మొత్తం బ్రౌజర్‌లోనే.

దీనికి పాత దారి మీడియా రికార్డర్. కాన్వాస్ మీద బొమ్మ కదులుతుంటే అది రికార్డ్ చేస్తుంది. కానీ పది సెకన్ల వీడియోకి పది సెకన్లూ ఆగాలి. మధ్యలో ఫోన్ వచ్చి ట్యాబ్ వెనక్కి పోయిందా, యానిమేషన్ అక్కడే ఆగిపోద్ది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాసమ్ ఇంకో దారి. పవర్‌ఫుల్లే, కాకపోతే దాని కోర్ ఫైలే దాదాపు 30 ఎంబీ. పొలం గట్టు మీద సిగ్నల్‌తో అది దిగేసరికి వేలంపాట అయిపోతుంది!

మనం వాడేది వెబ్‌కోడెక్స్. 2021లో క్రోమ్ 94తో వచ్చింది. ఫోన్‌లో ఉన్న హార్డ్‌వేర్ ఎన్‌కోడర్‌నే జావాస్క్రిప్ట్‌కి అందిస్తుంది. ఒక్కటే చిక్కు, అది ఇచ్చేది ఫైల్ కాదు, విడివిడి ముక్కలు. కల్లంలో కాయ ఎండింది సరే, టిక్కీ ఎవరు కట్టాలి? ఆ పని మీడియాబన్నీ అనే లైబ్రరీ చేస్తుంది. ఫ్రీ, ఓపెన్ సోర్స్.

ముందు 720 బై 1280 కాన్వాస్ తీసుకోండి. సెకనుకి 30 చొప్పున 300 ఫ్రేములు. లూప్‌లో ఒక్కో ఫ్రేమ్ గీయడం, కాన్వాస్‌సోర్స్‌కి యాడ్ చేయడం, అంతే. ఆ యాడ్ ముందు అవెయిట్ తప్పకుండా పెట్టండి. లేకపోతే ఎన్‌కోడర్ అందుకోలేక ఫ్రేములు మెమరీలో పేరుకుపోతాయి, 3 జీబీ ర్యామ్ ఫోన్‌లో ట్యాబ్ ఎగిరిపోద్ది. చివర్లో ఫైనలైజ్. అది టిక్కీ మూతి కుట్టడం అనుకోండి, కుట్టకపోతే ఫైలే రాదు.

సైజ్ లెక్క చూడండి. బిట్‌రేట్ 10 లక్షలు పెడితే, పది సెకన్లకి కోటి బిట్లు, అంటే సుమారు 1.25 ఎంబీ. గ్రూపులో పెట్టడానికి హాయిగా సరిపోతుంది.

ఇక తెలుగు అక్షరాలు. కాన్వాస్ బ్రౌజర్ టెక్స్ట్ ఇంజిన్‌నే వాడుకుంటుంది కాబట్టి ఒత్తులు విడిపోవు. కానీ రామభద్ర లాంటి వెబ్‌ఫాంట్ పెడితే, అది లోడ్ అయ్యేదాకా అవెయిట్ చేశాకే లూప్ మొదలెట్టండి. లేదంటే మొదటి ఫ్రేములు వేరే ఫాంట్‌లో వచ్చేస్తాయి.

ఇంకో మాట, ఇది కోడ్ గురించి కాదు. టాప్ రేటు ఒక్కటే పెద్దక్షరాల్లో వేయకండి బ్రో. ఆ ధర పలికేది మేలురకం లాట్లకే. కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఒకే సైజులో వేయండి, పక్కనే తేదీ.

అన్ని ఫోన్లలో ఎన్‌కోడర్ ఉంటుందని గ్యారంటీ లేదు. అందుకే ముందు క్యాన్‌ఎన్‌కోడ్‌వీడియో ఫంక్షన్‌తో చెక్ చేయండి, లేదని వస్తే అదే కాన్వాస్‌ని ఫోటోగా సేవ్ చేసే బటన్ చూపించండి. వీడియోకి వాయిస్ కలపడం నెక్స్ట్ ఎపిసోడ్‌లో. ఉంటాను, బై.