తేనెటీగ నేర్పిన ఉపాయం, రైతుకు రావాల్సిన వాటా

(తిరుపతిలో జరిగిన సంఘం శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మనకు ఇచ్చిన అంశం: ప్రకృతిని చూసి మనుషులు పరికరాలు, పద్ధతులు ఎలా తయారు చేస్తున్నారు, అవి మన సేద్యానికి ఎంతవరకు పనికొస్తాయి అని. అంశం వినగానే కొందరు మిత్రులు అడిగారు: "తోతాపురికి గిట్టుబాటు లేదు, రాత్రయితే ఏనుగుల భయం, ఇప్పుడు ఈ ముచ్చట్లు ఎందుకు?" అని. న్యాయమైన ప్రశ్నే. మనం మాట్లాడబోయేది ఆ మామిడి గురించీ, ఆ ఏనుగుల గురించే.

శాస్త్రవేత్తలు దీనికి బయోమిమిక్రీ అని పేరు పెట్టుకున్నారు. పేరు కొత్తదే గానీ పని పాతది. మేకల వెనక పోయి ఇంటికొచ్చినప్పుడు పంచెకు మరుల మాతంగి కాయలు అంటుకుని ఉంటాయి. మనం విసుక్కుని పీకి పారేస్తాం. స్విట్జర్లాండులో జార్జ్ డి మెస్ట్రాల్ అనే ఇంజినీరు 1941లో వేటకు పోయి వచ్చి, తన కుక్క బొచ్చుకు అంటుకున్న అలాంటి కాయనే సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. ప్రతి ముల్లు చివరా చిన్న కొక్కెం కనిపించింది. మన పిల్లల చెప్పులకూ, బ్యాగులకూ చర్రుమని ఊడే వెల్‌క్రో పట్టీ అట్లా పుట్టింది. పొలం చుట్టూ మనం లాగే ముళ్లతీగ కూడా అంతే. ముళ్లచెట్ల కంచెను చూసి, ఇనుప తీగకు ముళ్లు తగిలిస్తే సరిపోతుంది కదా అని అమెరికాలో మైకేల్ కెల్లీ 1868లో పేటెంటు తీసుకున్నాడు. కంపకంచెను మన తాతలు ఎవరినీ అడగకుండానే వేశారు. వాళ్లకు పేటెంటు లేదు, అంతే తేడా. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరకే వస్తాం.

ఇప్పుడు మన పంటల్లోకి వద్దాం. కుప్పం, పలమనేరు, మదనపల్లె వైపు నుంచి వచ్చిన వాళ్లలో పట్టు రైతులు చాలామంది ఉన్నారు. గూడు చీల్చుకుని వచ్చిన ఆడ చిలుక ఒకచోట కదలకుండా కూర్చుంటుంది. మగది దూరం నుంచే రెక్కలు కొట్టుకుంటూ వెతుక్కుంటూ వస్తుంది. ఆడది ఏదో వాసన వదులుతోందని పెద్దలకు తెలుసు. ఆ వాసన ఏమిటో తేల్చడానికి జర్మనీలో అడాల్ఫ్ బూటెనాంట్ బృందానికి దాదాపు 20 ఏళ్లు పట్టింది. సుమారు 5 లక్షల ఆడ పట్టుచిలుకల నుంచి సారం తీస్తే కొన్ని మిల్లీగ్రాముల పదార్థం దొరికింది. 1959లో దానికి బాంబికోల్ అని పేరు పెట్టారు. ఒక పురుగు మరో పురుగును పిలిచే వాసనను మనిషి పసిగట్టి నిర్ధారించడం అదే మొదలు.

మనం వేరుశనగలో పొగాకు లద్దెపురుగుకూ, కందిలో శనగపచ్చ పురుగుకూ కట్టే లింగాకర్షక బుట్టలు ఆ దారిలో వచ్చినవే. ఒక్కో పురుగుకు ఒక్కో వాసన. అందుకే లద్దెపురుగు ఎర పెట్టి పచ్చపురుగు పడలేదని అనుకుంటే తప్పు ఎరది కాదు. దుకాణంలో ఏది ఇస్తే అది తెచ్చుకోకుండా, ఏ పురుగుకో పేరు చెప్పి అడిగి తెచ్చుకోవాలి. బుట్టలో పడిన వాటిని లెక్కపెడితే పురుగు ఉధృతి ఎప్పుడు మొదలవుతోందో ముందే తెలుస్తుంది. ఆ లెక్కను బట్టి మందు కొట్టాలా వద్దా తేల్చుకుంటే, ఊరికే కొట్టే పిచికారీలు తగ్గుతాయి. పొలంలో నాలుగు పక్షి స్థావరాలు నిలబెట్టినా, గట్టు మీద ఆముదం, బంతి వేసినా జరిగేది అదే: పురుగు అలవాటు ఏమిటో చూసి, దాన్నే దానికి ఎదురు తిప్పడం.

మామిడిలో పండు ఈగ సంగతి ఇంకా ముఖ్యం. బీహారులోని పూసాలో ఉన్న వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో హౌలెట్ అనే కీటక శాస్త్రవేత్త పనిచేసేవాడు. దోమలు రాకుండా ఉండాలని సిట్రొనెల్లా గడ్డి నూనె వాడితే, దోమల మాటేమో గానీ పండు ఈగలు వచ్చి ముసురుకున్నాయి. 1912లో ఆయన ఆ విషయం రాశాడు. వచ్చినవన్నీ మగ ఈగలే. ఆ నూనెలో వాటిని లాగుతున్నది మిథైల్ యూజినాల్ అనే పదార్థమని 1915 నాటికి తేల్చాడు. మన తులసి ఆకులోనూ అది ఉంది. ఈ రోజు మామిడి తోటల్లో కట్టే పండు ఈగ బుట్టల్లో ఉండే ఎర ఇదే.

ఇది ఎందుకు ముఖ్యమో చెబుతాం. ఆడ ఈగ పక్వానికొచ్చే కాయ తొక్క కింద గుడ్లు పెడుతుంది. పైకి చిన్న చుక్క తప్ప ఏమీ కనపడదు. లోపల పురుగు తిని కాయ మెత్తబడి రాలుతుంది. పురుగు మట్టిలోకి దిగి కోశస్థ దశలో ఉండి, మళ్లీ ఈగగా లేస్తుంది. పురుగు లోపల ఉన్నప్పుడు పైనుంచి కొట్టే మందు దాన్ని తాకదు. 2014 మేలో ఐరోపా సమాజం మన దేశపు మామిడి దిగుమతిని ఆపేసింది. కారణం ఈ ఈగే. మరుసటి ఏడాది ఆ నిషేధం ఎత్తేశారు గానీ, ఒక చిన్న ఈగ ఒక దేశపు ఎగుమతిని ఆపగలదని అప్పుడు అందరికీ తెలిసింది.

ఇక్కడ ఒక మాట అందరూ వినండి. బుట్ట లాగేది మగ ఈగలను మాత్రమే. మన తోటలో మగవన్నీ పోయినా, పక్క తోటలో జతకట్టిన ఆడ ఈగ గట్టు దాటి వచ్చి మన కాయలోనే గుడ్డు పెడుతుంది. "నేను బుట్టలు కట్టినా, లాభం లేదు" అని చాలామంది రైతులు మాతో అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఒక్కరు కడితే లాభం తక్కువే. ఊళ్లోని తోటలన్నీ ఒకే వారంలో, కోతకు నెలన్నర ముందే కట్టాలి. రాలిన కాయలను రోజూ ఏరి లోతుగా పూడ్చాలి. కోత అయ్యాక పాదులు దున్ని, మట్టిలోని కోశాలను ఎండకు వేయాలి. ఈగకు సర్వే నంబర్లు తెలియవు. కాబట్టి ఇది ఒక రైతు పని కాదు, ఊరి పని. ఊరి పని అంటే సంఘం పని.

ఇక ఏనుగుల విషయం. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు మన కుప్పం, పలమనేరు వైపు వచ్చాయి. కౌండిన్య అభయారణ్యం వాటి కోసం ఏర్పడిందే. అప్పటి నుంచి అడవి అంచు పల్లెల్లో వరి, చెరకు, అరటి, మామిడి తొక్కుళ్ల పాలవుతున్నాయి. మనుషులూ చనిపోయారు, కరెంటు తీగలు తగిలి ఏనుగులూ చచ్చాయి. కందకాలు తవ్వారు, సోలార్ కంచెలు వేశారు. 2025 మేలో కర్ణాటక నుంచి నాలుగు కుంకీ ఏనుగులు వచ్చాయి.

ఆఫ్రికాలో ఇదే బాధ ఉన్న కెన్యా రైతుల దగ్గర ఒక సంగతి బయటపడింది. తేనెపట్టు ఉన్న తుమ్మ చెట్ల జోలికి ఏనుగులు పోవడం లేదు. ఏనుగు చర్మం మందమే గానీ కళ్ల చుట్టూ, తొండం లోపల మెత్తన. తేనెటీగ అక్కడే కుడుతుంది. ఈగల మోత వినగానే ఏనుగులు వెనక్కి తగ్గడం, మిగతా వాటికి హెచ్చరికగా గుర్రుమనడం లూసీ కింగ్ అనే పరిశోధకురాలు గమనించింది. పొలం చుట్టూ పది మీటర్లకు ఒకటి చొప్పున తేనె పెట్టెలు వేలాడదీసి, వాటిని తీగతో కలిపారు. ఏనుగు తీగను తాకితే పెట్టెలు ఊగుతాయి, ఈగలు లేస్తాయి. కెన్యాలో కంచె దాకా వచ్చిన ఏనుగుల్లో నూటికి 80 దాకా వెనక్కి తిరిగాయని లెక్క తేలింది. పైగా రైతుకు తేనె దక్కింది, పూత నిలిచింది. మన దేశంలో ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ 2021 మార్చిలో కర్ణాటకలోని కొడగులో రీ-హ్యాబ్ పేరుతో ఇదే ప్రయత్నం మొదలుపెట్టింది.

దీన్ని మంత్రంలా చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆఫ్రికా తేనెటీగకు కోపం ఎక్కువ. మనం పెట్టెల్లో పెంచే దేశీ ఈగ అంత కరుకు కాదు. కరువు వస్తే కెన్యాలోనే ఈగలు పెట్టెలు వదిలి పోయాయి. మన సీమలో కరువు కొత్తా? పూలు లేని వేసవిలో ఈగలను నిలబెట్టడం ఎవరి ఖర్చు? రాత్రిపూట ఈగలు మందంగా ఉంటాయి, మన దగ్గర ఏనుగులు వచ్చేది రాత్రే. కాబట్టి మా మాట ఇది: అడవి అంచున కొన్ని పల్లెలు ఎంచుకుని, ప్రభుత్వ ఖర్చుతో రెండు మూడేళ్లు పరీక్ష పెట్టాలి. పెట్టెలు, శిక్షణ, కరువు నెలల్లో ఈగల మేత ఖర్చు ప్రభుత్వం భరించాలి. "తేనె పెట్టెలు ఇచ్చాం కదా" అని పంట నష్టపరిహారం తగ్గిస్తే ఒప్పుకోం. ప్రకృతి ఉపాయం రైతుకు అదనంగా ఉండాలే తప్ప, ప్రభుత్వ బాధ్యతకు బదులు కాకూడదు.

మూడోది వేప. 1959లో సూడాన్‌లో మిడతల దండు పడి పచ్చనిదంతా తినేస్తే, వేపచెట్లు మాత్రం ఆకుతో నిలబడి ఉండడం ష్ముట్టరర్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూశాడు. అక్కడి నుంచి వేప మీద ప్రపంచంలో పెద్ద పరిశోధన నడిచింది. వేపగింజలోని అజాడిరక్టిన్ పురుగును వెంటనే చంపదు. తిండి మీద రుచి పోగొడుతుంది, కుబుసం విడవనీయదు. అందుకే సాయంత్రం కొట్టి తెల్లారి పురుగులు చచ్చాయా అని చూస్తే నిరాశే. పురుగు చిన్నగా ఉన్నప్పుడే 5 శాతం గింజల కషాయం, అంటే 100 లీటర్ల నీటికి 5 కిలోల గింజల పొడి, సాయంత్రపు వేళ కొట్టాలి.

గాదెల్లో వేపాకు వేసిన మన అవ్వలకు ఇదంతా కొత్త కాదు. అయినా వేపనూనెతో బూజు తెగుళ్లను అదుపు చేసే పద్ధతి మీద అమెరికా వ్యవసాయ శాఖకూ, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ అనే కంపెనీకీ ఐరోపా పేటెంటు కార్యాలయం 1990లలో పేటెంటు ఇచ్చింది. వందనా శివ, సేంద్రియ రైతుల అంతర్జాతీయ సమాఖ్య, ఐరోపా పార్లమెంటు సభ్యురాలు మగ్దా ఆల్వోట్ కలిసి పోరాడితే 2000లో దాన్ని రద్దు చేశారు. కంపెనీ అప్పీలు 2005లో వీగిపోయింది. పోరాటం మొదలుపెట్టాక దాదాపు పదేళ్లు పట్టింది, మన పెరట్లో చెట్టు మనదని చెప్పుకోవడానికి!

మొదట్లో ముళ్లతీగ గురించి చెప్పిన మాట ఇదే. ప్రకృతి ఇచ్చిన ఉపాయం అందరిదీ. దాన్ని కాగితం మీద పెట్టినవాడికి లాభం, చెట్టును కాపాడినవాడికి ఏమీ లేదు అంటే అది న్యాయం కాదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఈ విషయంలో మనకు ఒక ఆయుధం ఇచ్చింది. మన జీవ వనరులతో వ్యాపారం చేసేవాళ్లు లాభంలో వాటా పంచాలి. 2025లో జాతీయ జీవవైవిధ్య సంస్థ చిత్తూరు, తిరుపతి, కడప, నెల్లూరు జిల్లాల్లోని 198 మంది ఎర్రచందనం రైతులకు ఈ చట్టం కింద వాటా సొమ్ము విడుదల చేసింది. శేషాచలం చెట్టుకు వాటా వచ్చినప్పుడు మన విత్తనానికీ, మన పద్ధతికీ ఎందుకు రాకూడదు?

అదే చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊరి చెట్లు, విత్తనాలు, పశువులు, తెలిసిన పద్ధతులు అన్నీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో రాయాలి. మీ పంచాయతీలో ఆ రిజిస్టరు ఎక్కడుందో అడగండి. కొన్నిచోట్ల బీరువాలో ఉంటుంది, అందులో ఏముందో ఊరికి తెలియదు. మన అవ్వలకు తెలిసిన సంగతి అందులోకి ఎక్కకపోతే, రేపు అది ఎవరో కనిపెట్టిన సంగతి అవుతుంది.

ఒక్కమాట నవధాన్యాల గురించి. అడవిలో నేల ఎప్పుడూ బోసిగా ఉండదు. దాన్ని చూసే మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ వానలకు ముందే పలురకాల విత్తనాలను మట్టి, బూడిద పూతతో గుళికలు చేసి పొడి నేలలో చల్లిస్తోంది. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సేద్యానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. సంతోషమే. కానీ బహుమతి వేదిక మీద ఉంటుంది, రైతు మార్కెట్ యార్డులో ఉంటాడు. అదే 2025 వేసవిలో తోతాపురి కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 ఇస్తామంటే, దాని కోసం మన ట్రాక్టర్లు బారులు తీరాయి. ఈగ లేని కాయ పండించడం మన చేతిలో ఉంది. దానికి ధర రాబట్టడం మన ఐక్యత చేతిలో ఉంది.

కాబట్టి ఇక్కడి నుంచి పోయేటప్పుడు మూడు పనులు పెట్టుకుని పోదాం. ఒకటి, ఈ సీజనులో ప్రతి శాఖా కనీసం ఒక ఊరిలో అన్ని మామిడి తోటలకూ ఒకే వారంలో పండు ఈగ బుట్టలు కట్టించాలి. రెండు, అడవి అంచు మండలాల శాఖలు తేనె పెట్టెల పరీక్ష కోసం, పరిహారం తగ్గించకూడదన్న షరతుతో, కలెక్టరు గారికి అర్జీ ఇవ్వాలి. మూడు, ప్రతి పంచాయతీ రిజిస్టరు బయటికి తీయించి, ఊరి పెద్దవాళ్లను కూర్చోబెట్టి నింపించాలి.

తేనెటీగ పువ్వును పాడు చేయకుండానే తేనె తీసుకుంటుంది. పైగా కాయ పట్టేలా చేసి పోతుంది. ప్రకృతి నుంచి, రైతు నుంచి నేర్చుకుని వ్యాపారం చేసేవాళ్లంతా ఆ పద్ధతి పాటించాలని మన డిమాండు. తేనెటీగ ఒంటరిగా ఏమీ చేయదన్నది మనం నేర్చుకోవాల్సిన పాఠం.